మరిది పొట్లం

ఇరవై ఆరేళ్లుగా ఆవిడ పని ఒక్కటే. పోలీసులు సీలు వేసి పంపిన పొట్లాల్లో ఉన్నది గంజాయి అవునో కాదో తేల్చడం. ప్రభుత్వ ల్యాబు రెండో అంతస్తులో కిటికీ పక్క బల్ల ఆవిడది. చిటికెడు ఆకు తీసి మైక్రోస్కోపు కింద పెడితే, గోళ్లలా వంగిన సన్నటి నూగు కనబడాలి. తర్వాత గాజుగొట్టంలో మందు కలిపితే ఊదారంగు తేలాలి. రెండూ కుదిరితేనే సంతకం. అందుకే తోటివాళ్లు ఆవిడకు ఊదక్క అని పేరు పెట్టారు. ఒకసారి ఒక ఇన్‌స్పెక్టరు ఎంతో ఆర్భాటంగా పంపిన మూట ఎండు పుదీనా అని తేలింది. "టీలో వేసుకోండి, తలనొప్పి తగ్గుతుంది" అని ఫోనులో చెప్పి పెట్టేసింది.

చట్టం గురించి ఆవిడ ఎన్నడూ బుర్ర పాడుచేసుకోలేదు. అది ఏ ఆకో చెప్పడం తన పని. దాన్ని జేబులో పెట్టుకున్న మనిషిని ఏం చెయ్యాలో జడ్జి చూసుకుంటాడు.

ఒక సోమవారం వచ్చిన కవరు మీద మరిది పేరుంది.

మరిది వడ్రంగి. నలభై రెండేళ్లవాడు. తలుపు బిగిస్తే గాలి కూడా అడిగి లోపలికి రావాలి, అంత నికార్సైన పని. పని ముగిశాక వారానికి రెండుసార్లు పెరట్లో కూర్చుని ఓ దమ్ము లాగుతాడని ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉండేవారు. పార్కు దగ్గర సోదా చేస్తే అతని జేబులో ఏడు గ్రాములు దొరికాయి.

ఊదక్క కవరు విప్పలేదు. తిన్నగా పెద్ద సారు గదికి వెళ్లింది.

"సార్, ఇతను మా మరిది. నేను ముట్టుకోకూడదు. ఇంకెవరికైనా ఇవ్వండి."

మధ్యాహ్నానికల్లా పక్క బల్ల మీద ఊదారంగు తేలింది.

ఆ వారంలోనే తోటికోడలు ఇంటికి వచ్చి, కూర్చోకుండానే అడిగింది. "ఆ పొట్లం నువ్వే ఉంచుకుని, 'కాదు' అని రెండక్షరాలు రాస్తే నీ చెయ్యి అరిగిపోయేదా అక్కా?"

"అరిగేది కాదు. ఆ తర్వాత నేను రాసే ఏ మాటకీ విలువుండేది కాదు."

తోటికోడలు గుమ్మం దిగి వెళ్లిపోయింది. మళ్లీ మాటల్లేవు.

మరిదికి ఎనిమిది నెలలు పడింది. ఊదక్క నెలనెలా వెళ్లి చూసొచ్చేది. "నా పక్కన పడుకునేవాడు మనిషిని పొడిచి చంపొచ్చాడు వదినా. వాడికీ నాకూ ఒకే గది, ఒకే తిండి. జైలువాళ్లకి పక్షపాతం లేదు" అని ఒకసారి అతను నవ్వాడు. ఆవిడకు నవ్వు రాలేదు. మర్నాడు ల్యాబులో పాత రిజిస్టర్లు దించింది. గడచిన ఏడాది వచ్చిన పొట్లాల్లో మూడింట రెండు వంతులు పది గ్రాముల లోపువే. ఇన్నాళ్లూ గ్రాములే చూసింది. ఒక్కో పద్దు వెనుక ఒక్కో ఇల్లు ఉందని అప్పుడు తట్టింది.

విడుదలయ్యాక మరిదిని ఊళ్లో ఎవరూ పనికని ఇంట్లోకి రానివ్వలేదు. తలుపులు చేసేవాడు ఇళ్లలోకి వెళ్లకుండా ఎలా బతుకుతాడు?

అదే సమయంలో, పెద్దవాళ్లు గంజాయి వాడటాన్ని నేరంగా ఉంచాలా వద్దా, లైసెన్సు దుకాణాల్లో అమ్మనివ్వాలా అని ప్రభుత్వం ఒక కమిటీ వేసి, జనాన్ని వచ్చి చెప్పమంది. ఊదక్క సెలవు చీటీ రాసింది.

"నీకెందుకమ్మా ఈ గొడవ? ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది" అన్నాడు పెద్ద సారు.

"ఉద్యోగిగా వెళ్లట్లేదు సార్. సెలవు మీద వెళ్తున్నాను. కారణం కూడా దాచకుండా రాశాను, చూడండి."

ఆయన చూశాడు. సంతకం పెట్టాడు.

కమిటీ కూర్చున్న హాల్లో ఆవిడకు ముందు ఒక స్కూలు మాస్టారు మాట్లాడాడు. ఆయన కొడుకు పదిహేనో ఏట మొదలుపెట్టాడు. పంతొమ్మిదికి మనసు చెదిరింది. ఎవరో పిలుస్తున్నారంటూ వీధిలోకి పరుగెడతాడు. "దీన్ని దుకాణంలో పెట్టి అమ్ముతారా?" అంటూ ఆయన కూలబడ్డాడు. ఊదక్క తాను రాసుకొచ్చిన కాగితం మడిచేసింది.

"ఇది మంచిదని చెప్పడానికి నేను రాలేదు. మాస్టారి బాధ నిజం. కానీ ఆ పిల్లాడికి అమ్మినవాడు వయసు అడిగాడా? అడగడు. లైసెన్సు దుకాణమైతే అడిగి తీరాలి. దొంగ సరుకుకి వయసూ లేదు, శుభ్రమూ లేదు. నా బల్ల మీద ఆకులో గాజుపొడి చూశాను. ఇరవై ఒకటి నిండనివాళ్లకి అమ్మేవాణ్ని లోపలెయ్యండి. మత్తులో బండి నడిపేవాడి లైసెన్సు లాక్కోండి. కానీ బుద్ధెరిగిన మనిషి, తన పెరట్లో, ఎవరి జోలికీ పోకుండా తాగితే, అతన్ని హంతకుడి పక్కన పడుకోబెట్టడం ఏం న్యాయం?"

కమిటీలో ఒకాయన వెటకారంగా అడిగాడు. "మీ ఇంట్లో ఎవరైనా వాడతారా అమ్మా?"

"మా మరిది వాడేవాడు. అతని పొట్లం మా ల్యాబుకే వచ్చింది. నేను ముట్టుకోలేదు. శిక్ష పడింది."

హాల్లో నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు.

బయట వరండాలో మాస్టారు ఎదురుపడ్డాడు. "మీ మాట నాకు మింగుడుపడలేదమ్మా. కానీ ఆ వయసు సంగతి వదలకండి."

"వదలను. మీరూ రాసిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది మాస్టారూ."

మెట్ల మీద కూర్చుని, వయసు గురించి ఇద్దరూ కలిసి ఒక అర్జీ రాసి ఇచ్చారు. మిగతా విషయాల్లో ఎవరి పట్టు వారిదే.

మరుసటి ఏడాది చట్టం మారింది. ఇరవై ఒకటి దాటినవాళ్ల దగ్గర కొద్దిపాటి ఆకు దొరికితే ఇక జైలు లేదు. లైసెన్సు దుకాణాల మాట మాత్రం వాయిదా వేశారు. పాత చిన్న కేసులు కొట్టేయించుకునే వీలు కల్పించారు. మరిది తరఫున అర్జీ నింపింది ఊదక్కే. కేసు కొట్టేసినట్టు కోర్టు కాగితం వచ్చిన రోజు తోటికోడలు ల్యాబు గేటు దగ్గర నిలబడి ఉంది.

"అన్నం తిన్నావా అక్కా?" అంది.

"తినలేదు."

ఇద్దరూ కలిసి తోటికోడలి ఇంటికి వెళ్లారు. మరిది వాకిట్లో పలక చిత్రిక పడుతున్నాడు.

"మళ్లీ మొదలుపెట్టావా?" అని అడిగింది ఊదక్క.

"లేదు వదినా. జైల్లోనే దాని మీద మనసు విరిగింది."

"అది నీ ఇష్టం, నాకనవసరం. దుకాణాల సంగతి ఇంకా తేల్లేదు, వచ్చే నెల మళ్లీ కమిటీ ముందుకి వెళ్తున్నాను. ఈసారి నువ్వూ వచ్చి మాట్లాడాలి."

మరిది చిత్రిక ఆపాడు. "ఏం చొక్కా వేసుకోమంటావు?" అని అడిగాడు.