బ్యాంకు గుమ్మంలో చెప్పులు

వైజాగ్ కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఇడ్లీ బండి పెట్టే అక్క బ్యాంకుకు వెళ్ళినప్పుడల్లా చెప్పులు గుమ్మం బయటే విడిచేది. రోజూ ఆ బండి దగ్గరే తినే నేను ఎందుకని అడిగితే, "లోనకెల్తే మరియాదుండాల కదమ్మా" అనేది.

గ్రైండరు కొనడానికి ఆవిడకు చిన్న అప్పు కావలసివచ్చింది. గోదావరి జిల్లాలో మా పిన్ని వాళ్ళ ఊళ్ళో అయితే బ్యాంకువాళ్ళే డ్వాక్రా సంఘం మీటింగుకు వచ్చి, అరుగు మీద కూర్చుని ఆడవాళ్ళ చేత సంతకాలు పెట్టించుకుంటారు. ఆ ధీమాతోనే నేను అక్కను వెంటబెట్టుకుని వెళ్ళాను.

మేనేజరు ఆధార్ కార్డు చూసి, "మీది శ్రీకాకుళం జిల్లా కదా, మీ ఊరి సంఘంలో అడగండి" అన్నాడు.

"అడిగినాను బాబూ. నువ్వు వైజాగ్‌లో ఉంతన్నావు, అక్కడే సూసుకో అని పేరు కొట్టేసినారు" అంది అక్క.

"అయితే నన్నేం చెయ్యమంటారు?" అని ఆయన ఫోన్ చూసుకోసాగాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే స్టీల్ ప్లాంటు డ్యూటీకి వెళ్ళేవాళ్ళ కడుపు నింపే మనిషి ఈ ఊరిది కాదట! పుట్టిన ఊరేమో వెళ్ళిపోయిందని సంఘంలో పేరు కొట్టేసిందట! మా పిన్ని అరుగు మీదికే నడిచొచ్చే బ్యాంకు, ఈవిడ వచ్చి నిలబడితే తల కూడా ఎత్తదు.

అక్క బయటికొచ్చి చెప్పులు వేసుకుంది. ఇంటికి బయల్దేరుతుందనుకున్నాను. గిర్రున వెనక్కి తిరిగి, ఆ చెప్పులతోనే లోపలికి నడిచి, మేనేజరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాను ఏ ఊరిదాన్నో నువ్వే సెప్పు బాబూ. అందాకా లెగను."