బెదురు కూత

కూతలాయన మనిషి చిన్నవాడు. పంపుహౌసు గేటు దగ్గర నిలబడితే ముందు తాళం కనిపిస్తుంది, తర్వాత ఆయన కనిపిస్తాడు. కానీ నోరు తెరిచాడంటే ఆకాశంలో దాని దారిన పోయే పక్షి కూడా తల వంచి చూడాల్సిందే. పిట్ట కొంచెం కూత ఘనం అన్న మాట ఈయన్ని చూసే పుట్టి ఉంటుందని ఆ వీధివాళ్లు నవ్వుకునేవారు. అసలు పేరు జీతం కాగితాల్లో ఉందేమో గానీ, మనుషుల నోళ్లలో మాత్రం లేదు.

ఒకప్పుడు ఊరికి నీళ్లిచ్చిన పాత రిజర్వాయర్ దగ్గర ఆయన కాపలాదారు. కొత్త పైపులైను పడ్డాక అక్కడి పంపులు ఆగిపోయాయి. ఆగిపోయిన పంపులకు కాపలా ఏమిటని మాత్రం అడక్కండి, ప్రభుత్వం వారి లెక్కలు ప్రభుత్వం వారివి. గ్రీజు మరకల గోడలు, ఒక కాలు పొట్టిదైన ఇనుప కుర్చీ, నీళ్లవైపు తెరుచుకునే కిటికీ. ఆ కిటికీ కోసమే ఆయన ఇంకే ఉద్యోగానికీ పోలేదు.

కూత ఆయనకు తండ్రి ఇచ్చిన ఆస్తి. తండ్రి వలవేసి పక్షుల్ని పట్టేవాడు. చలికాలంలో ఉత్తరాన మంచుకొండలు దాటి బూడిదరంగు బాతులు వచ్చేవి, ఊళ్లోవాళ్లు వాటిని చలిబాతులు అనేవారు. తండ్రి రెల్లులో నక్కి, కడుపు నిండా మేస్తున్న బాతు ఎలా గొణుక్కుంటుందో అచ్చం అలాగే కూసేవాడు. కింద మనవాళ్లు మేస్తున్నారు కాబోలు అనుకుని పైన పోయే గుంపు దిగేది. దిగాక వల తాడు లాగడమే మిగిలిన పని. కొడుక్కి పాలపళ్లు ఊడకముందే ఆ కూత పట్టుబడింది. వాడి పిలుపుకి మొదటిసారి గుంపు దిగిన రోజు తండ్రి వాణ్ణి భుజాలమీద ఎక్కించుకుని వీధంతా తిరిగాడు. మెడ విరిచేటప్పుడు బాతు కన్ను చూసి పిల్లవాడు ఆ పూట అన్నం ముట్టలేదు. అలాగని కూయడమూ మానలేదు. ఆ రెండూ ఒక మనిషిలోనే ఉండటం నాకేమీ వింతగా అనిపించదు, మీరూ నేనూ ఏమైనా వేరా?

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మేత కూత, నీటి కూత, తల్లి పిల్లల్ని పిలిచే కూత, ఏదైనా కూయవచ్చు. బెదురు కూత మాత్రం కూయకూడదు. ప్రమాదం చూసిన బాతు గొంతు చీల్చుకుని గుంపునంతా లేపే కూత అది. వల పడ్డ ప్రతిసారీ ఆ కూత పిల్లవాడి చెవుల్లో పడేది. ఒకసారి ఆటగా నోట్లోకి తెచ్చుకోబోతే తండ్రి చెంప పగలగొట్టాడు.

"ఆ కూత కూసిన నోటికి మళ్లీ పిట్ట దిగదురా. నన్ను చంపినా కూయకు" అన్నాడు.

తర్వాత పక్షుల్ని పట్టడం నేరమని చట్టం వచ్చింది, వలలు అటకెక్కాయి, తండ్రి కాలం చేశాడు. కొడుకు పంపుహౌసులో చేరాడు. పక్షులు పట్టేవాడి కొడుకని నలుగురిలో చులకనగా ఉండేది. ఆ చులకన పోగొట్టింది టీచరమ్మ. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పే ఆవిడ ప్రతి చలికాలం బైనాక్యులర్లు మెళ్లో వేసుకుని, పక్షుల పిచ్చి ఉన్న పదిమందిని వెంటేసుకుని వచ్చేది. మొదటిసారి వచ్చినప్పుడు బాతు కూత విని ఆకాశమంతా గాలించింది. చివరికి చూస్తే గేటు దగ్గర ఒక చిన్న మనిషి పళ్లికిలిస్తూ నిలబడి ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడకు ఆయన "బాబాయ్". ఏటేటా వచ్చేవాళ్లు పెరిగారు. సగంమంది పక్షుల కోసం వస్తే సగంమంది కూతలాయన కోసం వచ్చేవారు.

"ఇంట్లో పిలిస్తే పలకవు గానీ, ఆకాశంలో పోయేవాళ్లను మాత్రం పిలిచి మరీ దింపుతావు" అనేది భార్య, కుట్టుమిషను తొక్కుతూ. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆవిడ దెప్పులో కాస్త గర్వం కూడా ఉందని ఆయనకు తెలుసు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నీళ్లు ఇంకి రిజర్వాయర్ పచ్చటి బురదగుంట అయింది. చలిబాతులు రావడానికి ముందే, ఒడ్డున రెండు మూడు నీటికోళ్లు చచ్చిపడి కనిపించాయి. వాటి మెడలు తడిగుడ్డల్లా వేలాడుతున్నాయి. కూతలాయన అటూ ఇటూ చూసి, పార తెచ్చి పంపుహౌసు వెనక పూడ్చేశాడు. ఎందుకు పూడ్చాడంటే, టీచరమ్మకు చెబితే ఈ ఏడు ఎవరినీ తీసుకురాదు. ఏడాదంతా కాపలాదారుగా ఉండే మనిషి ఆ కొద్దిరోజులే కూతలాయనగా బతుకుతాడు. ఆ కొద్దిరోజులు పోగొట్టుకోలేకపోయాడు, అంతే.

అందరూ వచ్చిన రోజు పొద్దున్నే గుంపు వచ్చింది. పైన ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది, కొండలవైపు మళ్లింది. టీచరమ్మ బైనాక్యులర్లు దించింది.

"పోనీలే బాబాయ్, నీళ్లు తక్కువగా ఉన్నాయిగా, వాటికి నచ్చలేదు."

"కూతలాయన ఉండగా ఎలా పోతాయండీ?" అన్నారెవరో వెనకనుంచి.

ఆ ఒక్క మాట చాలింది. ఆయన అరచేతులు నోటి దగ్గర దొప్పలా పట్టి, కడుపు నిండిన బాతులా గొణిగాడు. ముందు పోతున్న బాతు తల తిప్పింది. గుంపు వరస చెదిరి, గుండ్రంగా తిరిగి, రెక్కలు విప్పుకుని బురదనీళ్లలోకి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన తన చిన్న ఛాతీని ఎంత విరుచుకోగలడో అంత విరుచుకున్నాడు.

వారం తిరక్కుండా బాతులు మెడలు ఎత్తలేకపోయాయి. రెక్కలు ఆడవు, కాళ్లు ఆడవు. కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. తల బరువుకి ముక్కు నీళ్లలో మునిగి, మోకాలు లోతు కూడా లేని చోట మునిగిపోయి చచ్చాయి. కూతలాయన బురదలో దిగి ఒక్కో తలనూ చేత్తో ఎత్తి పట్టుకున్నాడు. ఒకదాన్ని పట్టుకుంటే పక్కది మునిగేది. ఉన్నవి రెండే చేతులు.

"ఎండకి బురద కుళ్లి విషం పుట్టింది" అంది టీచరమ్మ ఒడ్డున కూలబడి. "ముందుగా ఏవైనా చచ్చి కనిపించాయా, బాబాయ్?"

ఆయన చెప్పాడు. ఎక్కడ పూడ్చాడో కూడా చూపించాడు. ఆవిడ తిట్టి ఉంటే ఆయనకు కాస్త తేలికగా ఉండేది. ఆవిడ చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోరే అన్నిటినీ చంపిందని ఆయన ఆ రోజు భార్యతో అన్నాడు. ఆవిడ మిషను ఆపి, ఆయన చేతుల బురద కడిగింది.

బతికి బయటపడ్డ కాసిని బాతులు చలి తగ్గాక ఉత్తరానికి పోయాయి. మరుసటి ఏడూ వానలు అంతంతమాత్రమే. బురద తీయిస్తామన్న ఆఫీసువాళ్లు తీయించలేదు. అయినా బాతులు వచ్చాయి. పోయినేడు ఇక్కడ మేత ఉందన్న పిలుపు విన్నవి, ఈసారి పిలవకుండానే కొత్త గుంపుల్ని వెంటేసుకొచ్చాయి. టీచరమ్మ మనుషుల్ని పెట్టి డబ్బాలు మోగించింది, గుడ్డలు ఊపించింది. బాతులు లేచేవి, ఆ చివర దిగేవి. డబ్బా మోతకి ఎంతసేపు భయపడతాయి? మోగించేవాళ్ల చేతులే ముందు అలిసిపోయాయి. మొదటి బాతు మెడ వాల్చేసరికి టీచరమ్మ ఏడ్చేసింది.

కూతలాయన కుర్చీలోంచి లేచాడు. ఆ ఏడాదంతా ఆయన ఒక్క కూత కూయలేదు. ఒడ్డుకి వెళ్లి నిలబడి, తండ్రి కొట్టిన చెంప ఒకసారి తడుముకున్నాడు. తర్వాత చిన్నప్పుడు వల కింద విన్న కూతను, గుండెల్లోంచి పెరికి తెచ్చినట్టు, గొంతు చీలేలా కూశాడు.

నీళ్లమీద ఒక్క బాతు మిగల్లేదు. అన్నీ ఒక్కసారిగా లేచి, అదే కూత తిరిగి కూస్తూ కొండలు దాటిపోయాయి. ఈసారి ఆ చివర దిగలేదు.

"ఈ కూత వచ్చి కూడా ఇన్నాళ్లూ ఎందుకు దాచావ్, బాబాయ్?"

"ఇది కూస్తే మళ్లీ నా పిలుపుకి దిగవమ్మా. మా నాన్న చెప్పాడు."

ఆ చలికాలమంతా వచ్చిన ప్రతి గుంపుకీ ఆయన అదే కూత కూశాడు. గొంతు పుండై, ఉమ్మితే నెత్తురు పడేది. భార్య వేడినీళ్ల చెంబు పట్టుకుని పంపుహౌసుకి వచ్చి కూర్చునేది. ఇంటికి పోదామని ఒక్కసారీ అనలేదు.

ఆ తర్వాతి ఏడు కుండపోత వానలు పడ్డాయి. వరద బురదనంతా కడిగేసింది, రిజర్వాయర్ గట్టు దాకా నిండింది. టీచరమ్మ నీళ్లు పరీక్షకు పంపి, మంచివేనని తేలాక మళ్లీ అందర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. ఆకాశంలో గుంపు కనిపించింది. నీళ్లు చూసి కిందికి కిందికి వస్తోంది.

"ఒక్కసారి పిలువు, బాబాయ్. ఇప్పుడు భయం లేదుగా."

"నేనొద్దులే అమ్మా, వాటంతటవే దిగుతాయి" అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఊరుకోలేదు. ఆయనకూ లోపల ఎక్కడో ఆశ చావలేదు. అరచేతులు నోటి దగ్గర పెట్టుకుని, పుండు మానిన గొంతుతో, వీలైనంత మెత్తగా మేత కూత కూశాడు.

ముందున్న బాతు తల తిప్పి కిందికి చూసింది. మరుక్షణం బెదురు కూత కూసింది. గుంపంతా దాన్ని అందుకుని, నిండు నీళ్లను కింద వదిలేసి కొండలవైపు పోయింది. చప్పట్లకు సిద్ధమైన చేతులు అలాగే ఉండిపోయాయి.

"గాలి మారినట్టుంది" అంది టీచరమ్మ ఎటో చూస్తూ.

కూతలాయన గేటుకి తాళం వేసి ఇంటికి వచ్చాడు. మిషను దగ్గర భార్య తలెత్తింది.

"వచ్చాయా?"

"వచ్చాయి" అన్నాడాయన చెప్పులు విప్పుకుంటూ. "నా గొంతు గుర్తుపట్టాయి."