గేటు దిగాకే అన్నం

మా మరిది సత్తిబాబు కాలధర్మం చెందాడు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పన్నెండు రోజులు పట్టింది. ఆ ఉదయం పొయ్యి మీద పాలు పెట్టి నిలబడి ఉండగా అతని భార్య మంగ ఫోను చేసింది. "అక్కా" అని ఏడుపందుకుంది. పాలు పొంగి గట్టంతా పారాయట. పొయ్యి ఎవరు ఆపారో నేటికీ నాకు తెలియదు.

నేను కాపురానికి వచ్చేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. అత్తగారు లేని ఇల్లు. నన్ను "వదినా" అనేవాడు. జ్వరం వస్తే మాత్రం "అమ్మా" అనేవాడు, తగ్గగానే మళ్లీ వదిననే.

పెద్దవాడయ్యాక మా ఊరి చివర మురుగు కాలువ గేటు ఎత్తి దించే లస్కరుగా కుదిరాడు. ఎరగనివారి కోసం చెబుతాను. చేలల్లో ఎక్కువైన నీరు ఆ కాలువలో పడి సముద్రానికి పోతుంది. సముద్రం పాటు మీద వెనక్కి తగ్గినప్పుడు గేటు ఎత్తితే మురుగు దిగిపోతుంది. పోటు ఎక్కేలోగా దించెయ్యాలి. లేకపోతే ఉప్పునీరు ఎదురొచ్చి చేలల్లో పడుతుంది. ఎత్తడం కండ ఉన్న ఎవరైనా చేస్తారు, ఎప్పుడు దించాలో తెలియడమే విద్య. సత్తిబాబు కాలువలో ఒక గడ్డిపరక వేసేవాడు. కొట్టుకుపోతున్న పరక కాస్త నిలబడిందంటే గేటు తిప్పే హ్యాండిలు అందుకునేవాడు. "నీరు ఆలోచనలో పడింది వదినా, ఇంక వెనక్కి తిరుగుద్ది" అనేవాడు.

అంతటి వాడి చేత ఒకే ఒక్కసారి తప్పు జరిగింది. ఆ తప్పు గురించే నేను ఇది రాయడం.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నాట్లకు ముందు పెద్ద వాన కురిసి నారుమళ్లు మునిగాయి. తెల్లవారకముందే గేటు ఎత్తి, తిండి లేకుండా అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు చింతచిగురు, రొయ్యలు వండాను. గట్టు మీదికి వెళ్లి కేకేశాను. "పోటుకింకా టైముంది గదా, రెండు ముద్దలు తిని పో."

వచ్చాడు. తిన్నాడు. లేవబోయాడు. మారు వడ్డించకుండా మనిషిని విస్తరి ముందు నుంచి లేవనివ్వడం మా ఇంట లేదు. "కూర్చో, మారు పెట్టించుకోకుండా లేస్తావేంటి?" అని మళ్లీ వడ్డించాను. మజ్జిగా పోశాను. ఈలోగా తూర్పుగాలి లేచి పోటును ముందే తోసుకొచ్చింది. అతను పరుగెత్తేసరికే మా ఊరి రైతు పెద్దిరాజుగారి నారుమడిలో ఉప్పునీరు నిలిచింది.

ఊరంతా గట్టు మీద చేరి నిలదీశారు. "కునుకు పట్టిందండి. తప్పు నాదే" అన్నాడు. నేను ఆ జనంలోనే ఉన్నాను. నోరు విప్పలేదు. ఇంటికొచ్చాక ఏడిస్తే, "నన్నంటే గేటు కాడే అంటారు, అక్కడితో పోద్ది. నిన్నంటే, మళ్లీ నీ చేతి అన్నం నాకెలా దిగుద్ది?" అన్నాడు.

అక్కడితో పోలేదు. పెద్దిరాజుగారు కనిపించినప్పుడల్లా "ఏం లస్కరూ, మెలకువేనా?" అనేవారు. "మెలకువేనండి, ఆయ్" అని నవ్వేవాడు. ఇరవై ఏళ్లు అదే నవ్వు.

రెండేళ్ల కిందట అతనికి మాటలు తప్పిపోవడం మొదలైంది. హ్యాండిలును "ఆ తిప్పేది" అనేవాడు. భీమవరంలో స్కానింగు తీస్తే మెదడులో గడ్డ. ఆపరేషను చేశారు గాని వేరు మిగిలింది, మందులు పనిచెయ్యలేదు. చివరికి ఒక పెద్ద నగరంలో డాక్టరమ్మ ఒకావిడ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"మెదడులోని రక్తనాళాలకు గట్టి కాపలా ఉంటుందండి. విషాన్ని రానివ్వదు, మందునూ రానివ్వదు. రక్తంలోకి సన్నటి బుడగలు ఎక్కించి, తలకు హెల్మెట్ లాంటిది పెట్టి, చెవికి వినపడని శబ్దాన్ని గడ్డ దగ్గరికే పంపుతాం. బుడగలు అదిరి ఆ నాళాల గోడ కాస్త సందు ఇస్తుంది. ఆ సమయంలో మందు వెళ్తుంది. ఇది ఇంకా పరీక్షల్లోనే ఉంది. నయమవుతుందని మాటివ్వలేను."

"ఎత్తడం సరేనండి. దించేదెవరు?" అన్నాడు సత్తిబాబు.

ఆవిడకు క్షణం అర్థం కాలేదు. "ఓ, అదా! ఎవరూ దించక్కర్లేదు. రోజు తిరిగేసరికి దానంతటదే మూసుకుంటుంది."

"ఈలోగా ఉప్పు కూడా వచ్చేస్తేనండి?"

"రాకూడనివి వస్తాయనే మా భయం కూడా. అందుకే కొద్దిచోటే, కొద్దిసేపే."

వరండాలోకి రాగానే అతని చెయ్యి పట్టుకున్నాను. "వద్దు సత్తిబాబూ. తెరిచిన తలుపు ఏం చేస్తుందో మనం చూశాం."

"ఈసారి నన్ను అన్నానికి పిలవకు వదినా, చాలు" అన్నాడు.

ఇరవై ఏళ్లలో ఆ సంగతి ఎత్తడం అదొక్కసారే. అదీ నన్ను నవ్వించడానికి.

గుండు చేయించుకుని, "దేవుడికివ్వని జుట్టు సౌండుకిచ్చాను" అన్నాడు. శబ్దం పెట్టిన రోజు తీసిన మెదడు ఫోటోలో ఒకచోట తెల్లగా మెరిసింది. తెరుచుకున్న చోటు అదేనన్నారు. మర్నాటి ఫోటోలో ఆ తెలుపు లేదు. "దానంతటదే దిగిపోయిందే! గ్రీజు కూడా లేకుండా!" అని ఆ ఫోటోను ఎంతసేపు చూశాడో.

అలా మూడుసార్లు చేశారు. రెండోదాని తరవాత ఫోనులో "వదినా, హ్యాండిలు" అన్నాడు స్పష్టంగా. ఆ మాట కోసమే ఫోను చేశాడు. అది మందు మహిమో, దైవకృపో నేను చెప్పలేను. తరవాత గడ్డ ఇంకో చోట లేచింది, ఇక చెయ్యలేమన్నారు. నేను డాక్టర్లను తిట్టబోతే వారించాడు. "గేటు బానే పనిచేసింది వదినా. వరదే పెద్దది."

నిన్న పెద్దకర్మ. చింతచిగురు రొయ్యలు వండాను. అతని పేర విస్తరి వేశారు. అందరూ నిలబడ్డారు. నేను వడ్డించలేదు.

"ఏంటమ్మా ఆలస్యం?" అన్నారు పెద్దిరాజుగారు.

"గేటు ఇంకా ఎత్తే ఉందండి. అది దిగాక పిలుస్తాను" అన్నాను. ఆపైన అందరి ముందూ చెప్పేశాను. ఆ రోజు మా సత్తిబాబు నిద్రపోలేదనీ, నేను పిలిస్తే వచ్చాడనీ, లేవబోతే నేనే కూర్చోబెట్టాననీ.

పెద్దిరాజుగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. "మెలకువేనా అని ఎన్నిసార్లు అడిగానమ్మా" అన్నారు. ఆ వయసులో ఆయనే గట్టు దాకా నడిచి, గేటు దగ్గర నిలబడ్డారు.

కొత్త లస్కరు మంచివాడే, టైము చూసి దించుతాడు. గడ్డిపరక వేసి నీటి మనసు చెప్పేవాడు మాత్రం ఈ చుట్టుపక్కల ఇక లేడు.

కాసేపటికి పెద్దిరాజుగారు అక్కడి నుంచే చెయ్యెత్తారు. అప్పుడు వడ్డించాను.

"సత్తిబాబూ, గేటు దిగింది. రా, తిను. మారు కూడా పెట్టించుకోవాలి, తొందరేం లేదు."