మేడలు మొలిచే చేను

తుళ్లూరు దగ్గరి మా ఊళ్లో, మిరపాకు చూసి దానికి పట్టిన చీడ పైముడతో కిందిముడతో పన్నెండేళ్ల వయసులోనే చెప్పగలిగిన పిల్ల జ్యోతిర్మయి. మా పక్కింటి వెంకటనారాయణ బాబాయికి ఒక్కగానొక్క కూతురు. మందు కొట్టే ముందు ఆయన ఆమెను చేలోకి తీసుకువెళ్లి అడిగేవాడు; ముద్దుకు కాదు, అవసరానికి. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చదవాలన్నది ఆమె కోరిక. అందుకు ఇంటర్లో బైపీసీ తీసుకోవాలి.

ఆమె పదో తరగతి పాసైన ఏడాదే ఆ చేను రాజధానికి ఇచ్చేశారు. కాలేజీ దరఖాస్తులో బాబాయి బైపీసీ కొట్టివేయించి ఎంపీసీ రాయించాడు.

“మన చేలో ఇక మిరప మొలవదమ్మా, మేడలు మొలుస్తాయి. సివిల్ ఇంజనీరింగ్ చదివావంటే ముప్పై ఏళ్లు ఊరు కదలకుండా ఉద్యోగం.”

అందులో దురాశ లేదు. తనకు దొరికిన ఒకే ఒక్క హామీని నమ్మి ఆయన కూతురి చదువు నిర్ణయించాడు. ఆయనను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆ హామీ ఆగిపోయినప్పుడు ఇలాంటి పిల్లల సంగతేమిటని ఎవరూ అడగకపోవడమే నేటికీ నాకు మింగుడుపడదు.

ఆమె ఇంజనీరింగ్ రెండో ఏడు ముగిసేసరికి రాజధాని పనులు నిలిచిపోయాయి. సగంలో ఆగిన స్తంభాలను చూసి రావడం బాబాయికి దినచర్య అయింది. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చాక జ్యోతిర్మయి గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలకు నంబర్లు వేసే పనిలో చేరింది.

నిరుడు పనులు మళ్లీ మొదలయ్యాయి. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కూతురిని వెంటబెట్టుకుని ఒక కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లాడు. కొత్తవారైతే ఆ ఏడు పాసైనవారే కావాలట. మిగతావారికి నాలుగేళ్ల సైటు అనుభవం ఉండాలట.

“ఆ నాలుగేళ్లూ ఇక్కడ సైటే లేదు కదండీ,” అన్నాడు బాబాయి. మేనేజరు జాలిగానే చూసి కాగితాలు తిరిగి ఇచ్చాడు.

ఆ సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చారు.

“లా చదివావు కదమ్మా. వ్యవసాయం కోర్సుకి వయసు అడ్డమా? కోర్టులో ఏమన్నా అడగొచ్చా?” అని నన్ను అడిగాడు బాబాయి.

వాదించడానికి నాకు ఒక్క అంశమూ దొరకలేదు. వయసు దాటిపోయిందని చెప్పాను.

గుమ్మం దగ్గరే నిలబడిపోయిన జ్యోతిర్మయి మెల్లగా అంది: “ఆ రూలు నేను పనులాగిన ఏడే చూశాను నాన్నా. అప్పటికింకా వయసుంది. మళ్లీ ఇంటర్ చదివితే సరిపోయేది. నువ్వేమో రోజూ ఆ స్తంభాలు చూసొస్తున్నావు. అడగబుద్ధి కాలేదు.”

మర్నాడు ఉదయం ఆమె మిర్చి ఘాటుకు ముక్కు చుట్టూ చున్నీ కట్టుకుని గుంటూరు బస్సెక్కింది. బాబాయి బస్టాపు దాకా వచ్చాడు. సైటు వైపు మాత్రం వెళ్లలేదు.