సబ్బు వాసన వేసిన పాలు

1983లో మేం అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. పాపకు రెండు నెలలు నిండగానే నేను మళ్ళీ హాస్పిటల్ ల్యాబ్‌లో పనికి వెళ్ళాను. పగలు పాపను మా వీధిలోనే ఉన్న ఒక తెలుగావిడ చూసుకునేవారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అక్కయ్యగారూ అని పిలిచేదాన్ని. నేను పంపుతో తీసి ఫ్రిజ్‌లో ఉంచిన నా పాలు గాజు సీసాల్లో ఇచ్చి వెళితే, ఆవిడ వాటిని బాటిల్లో పోసి, వెచ్చబెట్టి పట్టేవారు.

నాలుగో రోజు ల్యాబ్‌కి ఫోన్ చేశారు.

"పాప బాటిల్ ముట్టడం లేదమ్మా. నోట్లో పెడితే మొహం తిప్పేసుకుంటోంది."

ఆ తర్వాత మైక్రోస్కోపులో ఒకే స్లైడును మూడుసార్లు చూశాను. ఏం చూశానో గుర్తులేదు. సాయంత్రం వెళ్ళి బాటిల్ మూత తీస్తే గుప్పున సబ్బు వాసన.

"బాటిల్స్ సరిగ్గా రిన్స్ చేస్తున్నారా అక్కయ్యగారూ?"

"ముగ్గురు పిల్లల్ని పెంచానమ్మా," అన్నారు ఆవిడ.

ఇంటికొచ్చి మా ఫ్రిజ్‌లో నిన్నటి సీసా తీశాను. ఆవిడ చెయ్యి తగలని పాలవి. అదే వాసన. అప్పుడే తీసిన పాలు నాలిక మీద వేసుకుంటే తియ్యగా ఉన్నాయి. నా పాలలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

"ఫార్ములా పాలకి స్విచ్ చేసేద్దాం, ఎందుకంత వర్రీ?" అన్నారు మావారు. నేను వంటింట్లో అటూ ఇటూ తిరిగాను.

మర్నాడు ల్యాబ్‌లో ఒక పెద్దావిడను అడిగాను. పూర్వం పాల పరీక్షల ల్యాబ్‌లో పనిచేసిన అమెరికన్ ఆవిడ.

"నీ పాలు పాడవలేదు. పాలలో లైపేజ్ అనే ఎంజైము ఉంటుంది. కొవ్వుని విడగొడుతుంది. బిడ్డ కడుపులో జరగాల్సిన పని అది. నీ పాలలో ఎక్కువుందేమో, సీసాలోనే మొదలుపెట్టేస్తోంది. తీసిన వెంటనే వేడి చెయ్యి, ఆగిపోతుంది. కానీ బిడ్డను కాపాడే ఎంజైములు కూడా కొన్ని పోతాయి."

ఆ చివరి మాట లోపల గుచ్చుకుంది. అయినా ఆ సాయంత్రం పాలు తీయగానే స్టవ్ మీద పెట్టి, అంచుల్లో చిన్న బుడగలు రాగానే దించి, చన్నీళ్ళలో చల్లార్చాను. మర్నాడు మధ్యాహ్నం అక్కయ్యగారికి నేనే ఫోన్ చేశాను.

"తాగిందమ్మా, చుక్క మిగల్చలేదు."

ఆ సాయంత్రం వాళ్ళ గుమ్మంలోనే నిలబడి జరిగింది చెప్పి, నాదే తప్పన్నాను.

"ఆ రోజు నువ్వెళ్ళాక బాటిళ్ళన్నీ మళ్ళీ మరిగించాను," అన్నారు ఆవిడ. "నా చేతుల్లోనే ఏమైనా ఉందేమో అనుకున్నా."

ఆవిడ చేతులు పట్టుకున్నాను. కాచిన పాలలో ఏం పోతోందో అన్న దిగులు మాత్రం ఆ చలికాలమంతా నన్ను వదల్లేదు. పని నుంచి రాగానే, కోటైనా విప్పకుండా, పాపను ఒళ్ళోకి తీసుకుని నేరుగా పాలిచ్చేదాన్ని.