తాత తుడిచిన బేరింగు

మిరపకాయల కాలం వచ్చిందంటే గుంటూరులో మా ఇంటి కిటికీలు మూసే ఉంచాలి. మూసినా ఆ ఘాటు ఏదో ఒక సందు చూసుకుని లోపలికి వచ్చి, ఇంటిల్లిపాదినీ తుమ్మిస్తుంది. మొన్న అలా తుమ్ముకుంటూనే అటక సర్దుతుంటే నాన్న రేకు పెట్టె దొరికింది. మూత తీయగానే మిరప ఘాటును పక్కకు నెట్టేసి పాత గ్రీజు వాసన ముఖానికి కొట్టింది. కిరసనాయిలూ, ఇనుమూ, ఎండిన నూనే కలిసిన ఆ వాసనకి నేను నిచ్చెన దిగి, ఆ దుమ్ములోనే కూలబడిపోయాను. పెట్టె అడుగున, పాత లుంగీ ముక్కలో చుట్టి, ఒక బేరింగు ఉంది. చూసేవాళ్లకి అది ఇనుప ముక్క. నాకు మాత్రం అద్దంకి శివార్లలోని మా రేకుల షెడ్డు, అందులో నాన్న, తాత, వాళ్లిద్దరి మధ్య ఒక ఎర్ర కారు.

మాది దూదేకుల కుటుంబం. తాత విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకీ దిండ్లకీ దూది ఏకేవాడు. నాన్న మీరావలి చిన్నప్పుడే ఆ విల్లును కాదని స్పానరు పట్టాడు, లారీల దగ్గర పని నేర్చుకుని షెడ్డు పెట్టాడు. నాకు ఊహ తెలిసేసరికి కొట్లో పరుపులు వచ్చేసి తాతని పిలిచేవాళ్లు తగ్గిపోయారు. అయినా ఆయన షెడ్డులో ఓ మూల చాప పరుచుకుని, ఎవరు అడిగినా అడగకపోయినా విల్లు మోగిస్తూనే ఉండేవాడు. చలికాలం వెళ్లేరోజుల్లో పత్తి బళ్లు మా రోడ్డు మీదుగా పోతుంటే దారి పక్క తుమ్మకొమ్మలకు దూది చిక్కుకునేది. బడి నుంచి వస్తూ నేను ముళ్లు గుచ్చుకున్నా సరే దాన్ని పీకి, గౌను నిండా పోసుకుని తాతకి తెచ్చి ఇచ్చేదాన్ని. ఒకవైపు కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఎరుపు, ఇంకోవైపు బ్యారన్లలో కాలుతున్న పొగాకు కమ్మటి కమురు, ఇంట్లో అమ్మ రోట్లో తొక్కుతున్న పండుమిరపకాయల పచ్చడి, దాంట్లో కలుపుకునే వేడన్నం, నువ్వులనూనె. ఇవన్నీ కలిసి వచ్చే ఆ నెలల కోసం ఇప్పటికీ నా ప్రాణం కొట్టుకుంటుంది.

అలాంటి ఒక మాఘమాసంలో ఆ కారు మా షెడ్డుకి వచ్చింది. అది సుబ్బాయమ్మగారిది. ఆవిడ భర్త పొగాకు బాగా పండిన రోజుల్లో, మద్రాసులో ఎవరో దొర దేశం విడిచిపోతూ అమ్మేస్తుంటే మోజుపడి కొన్నాడట. రెండే సీట్లు, పైకప్పు లేదు, కూర్చుంటే చెయ్యి నేలకి తగిలేంత కింద. చక్రాలకి సైకిలుకున్నట్టు పుల్లలు. ఆయన పోయాక ఏళ్ల తరబడి అది బ్యారన్ పక్కన కొట్టంలో పడి ఉంటే సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి. గుంటూరు మిర్చి వ్యాపారి ఒకాయన దాన్ని కొంటానన్నాడని, నడిచేలా చేసి ఇమ్మని సుబ్బాయమ్మగారు నాన్నకి అప్పగించింది. నాన్న ఎలాగో ఇంజను లేపాడు గానీ, బండి కదిలితే చాలు ముందు చక్రాల్లోంచి తిరగట్లో రాళ్లు పడ్డంత మోత.

"కొత్త బేరింగులు పడ్డాక మొదటి చుట్టు నీదేనే జానూ" అన్నాడు నాన్న. ఇక నేనాగుతానా? బళ్లో నేను చెప్పనివాళ్లు లేరు. అప్పటిదాకా ఎడ్లబండీ ఎర్రబస్సూ తప్ప ఎరగను. ఆ కారు గుంటూరు వెళ్లిపోయేలోపు నాన్న పక్కన ఒక్కసారి కూర్చోవాలి, అంతే. నిద్రలో కూడా అదే ధ్యాస.

మద్రాసు నుంచి బేరింగులు వచ్చేసరికి మర్నాడు పొద్దున్నే వ్యాపారి వస్తున్నాడని కబురు కూడా వచ్చింది. నాన్న చక్రాల నడిమి హబ్బుల్లోంచి, బేరింగులు కూర్చునే పాత ఉక్కు గిన్నెలు కొట్టి తీసేసి, కొత్తవి పెట్టి, ఇత్తడి కడ్డీతో ఈ పక్క ఒక దెబ్బ, ఎదుటి పక్క ఒక దెబ్బ వేస్తూ వంకర పోకుండా కిందికి దింపాడు. గిన్నె కూర్చునేదాకా టంగుటంగుమంటూ తేలిగ్గా మోగేది, కూర్చోగానే గొంతు బరువెక్కేది. కొత్త బేరింగుల్ని కిరసనాయిల్లో కడిగి, పళ్లెంలో ఎండకి పెట్టి, పాతవాటిని పక్కన పడేసి, గ్రీజు కోసం బజారుకి వెళ్లాడు. సాయంత్రం చుట్టు కొట్టడమే తరువాయి. నేను అప్పుడే తల దువ్వించుకుని, రంజానుకి కుట్టించిన గౌను వేసుకుని కూర్చున్నాను.

పళ్లెంలో ఆరుతున్న బేరింగుల్ని తాత చూశాడు. కొడుకు పనికి తానూ ఒక చెయ్యి వెయ్యాలని ఎన్నాళ్లుగా అనుకుంటున్నాడో ఏమో. ఆయన లెక్కలో లోకంలో దూదికి మించిన శుభ్రమైన వస్తువు లేదు. పుట్టిన బిడ్డని తుడిచేదీ దూదే, పుండు తుడిచేదీ దూదే. తన దగ్గరున్న వాటిలోకెల్లా మేలైన దూది, వెన్నలా ఏకింది తీసి, తడి ఆరని బేరింగుల్ని రోలరు రోలరునీ ముద్దుగా తుడిచాడు. ఏవి పాతవో ఏవి కొత్తవో తెలియక అన్నిటినీ తుడిచాడు.

నాన్న వచ్చి చూసేసరికి బేరింగులన్నిటికీ తెల్లగడ్డాలు మొలిచాయి. ప్రతి రోలరు సందులోనూ దూదిపోగులే. అవి లోపలే ఉండిపోతే గ్రీజులో ఉండకట్టి, బేరింగు వేడెక్కి, నడిరోడ్డు మీద చక్రం పట్టేస్తుంది.

"ఏంది నాన్నా ఇది? దూదితో తుడుస్తారా ఎవరన్నా?" అని నాన్న అరిచిన అరుపుకి వీధిలోవాళ్లు తొంగి చూశారు. తాత చేతిలో మిగిలిన దూదిని సంచిలో పెట్టి, బయటికి వెళ్లి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అన్నానికి పిలిచినా రాలేదు.

అమ్మ తన పాత చీరాల నూలు చీర తెచ్చి పరపరా చింపింది. "ఇదీ దూదేగా?" అని నేనంటే, "నేశాక దూదికి బుద్ధి వచ్చుద్దే, పోగులు వదలదు" అంది. మేం ముగ్గురం పిన్నీసులతో పోగులు లాగి, మళ్లీ కడిగి, చీరముక్కలతో తుడిచేసరికి పొద్దు గుంకిపోయింది. కారుకి దీపాలు లేవు. నాకిస్తానన్న చుట్టు కూడా పోయింది. కొత్త గౌను నిండా కిరసనాయిలు చేసుకుని నేను ఏడుస్తుంటే, నాన్న ఎడమ అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు అంచుని దానికేసి నొక్కి నొక్కి, పైసందుల్లోంచి గ్రీజు పైకి వచ్చేదాకా కూరాడు. చక్రం ఎక్కించి, తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత ఒక పిసరు వెనక్కి వదిలి, నట్టు కదలకుండా పిన్ను వేశాడు. బిగువుగా వదిలేస్తే కాలిపోద్ది, పిసరంత వదులుండాలి అనేవాడు. మనుషుల దగ్గరా ఆయన తీరు అదే, ముందు బిగించేసేవాడు, తర్వాత వదిలేవాడు.

తెల్లారుతూనే కారు స్టార్టు చేసి, నాన్న ఎడమవైపు తలుపు తీశాడు. నేను పరిగెత్తబోయాను. ఆయన నా వైపు చూడలేదు. గోడ దగ్గర కూర్చున్న తాత వైపు చూసి, "ఎక్కు నాన్నా" అన్నాడు.

నేను సగంలోనే ఆగిపోయాను. తాత కదల్లేదు. "దాని వంతు కదరా అది. నేనెక్కను" అన్నాడు. వ్యాపారి బస్సు దిగే వేళవుతోంది. నాన్న తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎలా తోచిందో గానీ నేను వెళ్లి తాత చెయ్యి పట్టి లాగాను. "తాతా, నీ ఒళ్లో కూర్చుంటా, రా."

అలా రెండు సీట్ల కారులో ముగ్గురం దర్శి రోడ్డెక్కాం. మంచు ఇంకా విడలేదు. రెండు వైపులా మిరప కళ్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి, తుమ్మకొమ్మల దూది మా గాలికి లేచి వెనకబడుతోంది. తాత ఒక చేత్తో నన్ను గట్టిగా పట్టుకుని, పక్కకి వంగి, ముందు చక్రానికేసి చెవి పెట్టాడు.

"ఒరేయ్ మీరా, చక్రం ఏం పలకట్లేదురా."

"పలక్కపోతేనే బాగున్నట్టు నాన్నా."

ముందురోజు సాయంత్రం తర్వాత వాళ్లిద్దరూ మామూలుగా మాట్లాడుకున్నది అదే మొదలు. తాత నవ్వాడు. ఒళ్లో కూర్చున్నానేమో, ఆ నవ్వు నా వీపుకి తెలిసింది. కల్వర్టు దగ్గర బండి తిప్పుకుని వచ్చేశాం. కాసేపటికి వ్యాపారి దిగాడు, కారు గుంటూరు వెళ్లిపోయింది.

తాత పోయారు, నాన్న పోయారు. షెడ్డున్న చోట మందుల షాపు వచ్చింది. పత్తి టార్పాలిన్లు కప్పుకుని లారీల్లో పోతోంది, కొమ్మలకేమీ మిగల్చడం లేదు. విల్లు మోత విని ఎన్నేళ్లయిందో. బేరింగులు కూడా ఇప్పుడు మూతలు బిగించే వస్తున్నాయట, అరచేతిలో గ్రీజు పెట్టుకునే పనే లేదు. వీధి పిల్లలు షెడ్డులోని పాత బేరింగులన్నీ ఏరుకుపోయి చెక్కబండ్లకు చక్రాలు చేసుకునేవాళ్లు. ఇది మాత్రం ఆ ఎర్ర కారు నుంచి తీసేసిన పాతది. దీన్ని నాన్న ఎందుకు దాచాడో ఎవరికీ చెప్పలేదు.

నేను నేల మీద కూర్చుని దాన్ని తిప్పుతుంటే మా అమ్మాయి వచ్చి చేతిలోకి తీసుకుంది. కళ్లద్దాలు సవరించుకుని సందుల్లోకి చూసింది. "అమ్మా, ఇందులో దూదిపోగు ఇరుక్కుంది. పిన్నీసు పెట్టి తీసి శుభ్రం చెయ్యనా?"

"వద్దులే. శుభ్రంగానే ఉంది" అన్నాను. "మా తాత తుడిచాడు."