మౌళన్న మీ శిష్యుడా సార్?

నిన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి ఫోన్. మౌళన్న లేడు. గుండెపోటు.

చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. మొన్ననే కదా మాట్లాడాను అనుకున్నాను. మొన్న కాదు, రెండు నెలలైంది. సిగ్గేసింది.

బాగా ఏడ్చాను.

తర్వాత ఫోన్ తెరిస్తే మా పాత ఆఫీసు ఇంజినీర్ సార్ పోస్ట్. "నా ప్రియ శిష్యుడు. త్రీడీ నేనే నేర్పాను." కింద ఆళ్లగడ్డలోని ఒక పెద్ద ఇంటి ఫోటో.

ఏడుపు ఆగిపోయింది. ఒళ్లు మండింది.

కాబట్టి ఈ పోస్ట్ సగం అన్న కోసం, సగం సార్ కోసం.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. నంద్యాలలో సార్ దగ్గర నేనూ మౌళన్నా డ్రాఫ్టింగ్ చేసేవాళ్లం. అన్న వాళ్లది ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే ఇల్లు. అప్పట్లో అందరికీ కంప్యూటర్‌లో ప్లాన్ గీతలు గీసే ఆటోక్యాడ్ ఒక్కటే వచ్చు. ప్లాన్ చూపిస్తే ఇల్లు కట్టించుకునే పార్టీలు అర్థంకాక ఊరికే తల ఊపేవాళ్లు. అన్న ఇంటిని త్రీడీలో చూపించే స్కెచప్ సంపాదించాడు. క్యాడ్ ప్లాన్‌ని అందులోకి తెచ్చి గోడలు లేపడం తనంతట తనే నేర్చుకున్నాడు. నాకూ నేర్పాడు.

మొదటిసారి నేను చేస్తే స్క్రీన్ ఖాళీ. దాంట్లో ఎప్పుడూ నిలబడి ఉండే మనిషి బొమ్మ తప్ప ఏమీ లేదు.

"ఇల్లు యాడికీ పోలేదు పాపా. ఆ బొమ్మ కాళ్లకాడ సూడు."

జూమ్ చేస్తే ఆవగింజంత ఇల్లు! ప్లాన్ గీసింది అడుగుల్లో. నేను తెచ్చింది మిల్లీమీటర్లలో. ముప్పై అడుగుల గోడ ముప్పై మిల్లీమీటర్లయి కూర్చుంది.

"మా నాయన జేగురుమట్టితో గీసుకున్న గీత సరిసూసుకోకుండా రాతి మీద ఉలి పెట్టడు. నువ్వూ అంతే. పనికిరాని గీతలు తీసెయ్. కొలత సూసుకో. ఆనక తీసుకురా."

పార్టీ కళ్లముందే గోడలు లేపడం మా ఆఫీసు స్పెషల్ అయిపోయింది. లేపేది అన్న, పేరు సార్‌ది.

ఆళ్లగడ్డలో పెద్ద ఇంటి పని వచ్చింది. సొంత ఊరు కదా, నేనూ వస్తానన్నాడు అన్న. సార్ అందరి ముందూ ఒక మాట విసిరాడు.

"రాళ్లు కొట్టుకునేటోనికి పార్టీ కాడ పనేంది?"

మౌళన్న చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ గడప తొక్కలేదు.

మర్నాడు సార్ నన్ను వెంటబెట్టుకుని ఆళ్లగడ్డ వెళ్లాడు. ఇంటిల్లిపాదీ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సార్ ప్లాన్‌ని స్కెచప్‌లోకి తెచ్చాడు. ఖాళీ. మళ్లీ తెచ్చాడు. మళ్లీ ఖాళీ. చొక్కా తడిసిపోయింది.

ఇంటి పెద్దాయన అడిగాడు.

"సారూ, ఇంతకీ మా ఇల్లు యాడప్పా?"

నాకు తెలుసు. ఒక్క మాట చెబితే చాలు.

చెప్పలేదు. వాళ్లిచ్చిన మంచినీళ్లు తాగుతూ కూర్చున్నాను. అంత తియ్యటి నీళ్లు నేను మళ్లీ తాగలేదు.

వారం తిరక్కుండా ఆ పార్టీ నేరుగా అన్న ఇంటికే పోయింది. మోడల్ అన్నదే, దగ్గరుండి కట్టించిందీ అన్నే. సార్, మీరు నిన్న పెట్టిన ఫోటో ఆ ఇంటిదే.

ఆ రోజు నోరు మూసుకుని కసి తీర్చుకున్నాను. ఈ రోజు నోరు తెరిచి తీర్చుకుంటున్నాను.

రాత్రి మీ పోస్ట్ కింద ఒకే ప్రశ్న రాశాను. "ఆ ప్లాన్ ఏ కొలతల్లో గీశారు సార్?"

పొద్దున చూస్తే పోస్టే లేదు.

సారూ, ఇంతకీ మీ పోస్ట్ యాడప్పా?

అన్నా, నీ ఇల్లు రోడ్డు మీద పోయే అందరికీ కనబడుతోంది. ఇక నెమ్మదిగా పడుకో. నీ ఆత్మ చల్లగా ఉండాలి.